అరవై నాలుగో నంబరు పుస్తకం

“దీనా అంటే మా సెల్లెలండి. చిన్నప్పుడు నా పుస్తకాలన్నిటి మీదా దాని పేరు రాసేసుకునేది,” అని మా ఆయన చెబుతుంటే నేను అక్కడే, రెండడుగుల దూరంలో, టీ ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. మా ఆయనకి చెల్లెళ్ళు లేరు. దీనా నేనే.

అంత అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చేసిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు, ముందే ఆలోచించి పెట్టుకున్నాడా, లేకపోతే నోరు తెరిచేసరికి అదే దొర్లిందా, దొర్లితే ఇంకా భయం కదా, ఏడేళ్ళు కాపురం చేసిన మనిషి నోట్లోంచి నేను అంత సులువుగా ఎలా జారిపోయాను? నేనే చెప్పొచ్చు. నోరుంది కదా. కానీ చేతిలో ట్రే ఉంది, గ్లాసులు నిండుగా ఉన్నాయి, వచ్చినాయన టీలో చక్కెర వేసుకోనని ముందే చెప్పాడు కాబట్టి ఏ గ్లాసు ఎవరిదో గుర్తుపెట్టుకోవాలి, ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది అదొక్కటే, చక్కెర లేనిది కుడివైపుది. కుడివైపుది ఆయనకిచ్చాను. “థాంక్సమ్మా,” అన్నాడు. నా పేరు అడగలేదు. ఎవరూ అడగరు. టీ తెచ్చినావిడకి పేరేముంటుంది.

ఆయన పేరు భీమన్న, విశాఖపట్నంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు, పాత తెలుగు బొమ్మల కథల పుస్తకాలు పోగు చేస్తాడు. పేపర్లో చిన్న ప్రకటన వేశాడు, పాత కామిక్స్ మంచి ధరకు కొంటాను అని. మా ఆయన శ్యాంబాబుకి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ రీఛార్జిల కొట్టుంది, అక్కడ ఖాళీగా కూర్చుని పేపరంతా చదువుతాడు, చదివి ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మంచం కింద దూరి నా ట్రంకుపెట్టె బయటికి లాగాడు. అప్పటిదాకా దాని పేరు ‘నీ చెత్త’. ‘నీ చెత్త అడ్డంగా ఉంది’, ‘నీ చెత్తకి చెదలు పడతాయి’. ఆ రోజునుంచి దాని పేరు ‘మన పుస్తకాలు’. భీమన్నగారు నర్సీపట్నం వచ్చేసరికి ‘నా పుస్తకాలు’ అయిపోయింది. ఆ డబ్బుతో కొట్లో జిరాక్సు మిషను పెడతానన్నాడు. పెట్టొద్దని నేనెప్పుడైనా అన్నానా? అడిగుంటే ఇచ్చేదాన్నేమో కూడా.

నూట ఇరవై పుస్తకాలు. నెలకొకటి చొప్పున పదేళ్ళు వచ్చి ఆగిపోయిన సిరీస్. ఒక్క నంబరు తప్పిపోకుండా మొత్తం ఒకేచోట ఉండడం తాను ఇంతవరకు చూడలేదని భీమన్నగారు అన్నాడు, ఒక్కో పుస్తకం రెండు చేతులతో పట్టుకుని, పసిపిల్లల్ని పట్టుకున్నట్టు. నాకు ముచ్చటేసింది. ఇంత ఇష్టంగా చూసే మనిషి దగ్గరికి వెళ్తే వెళ్ళనీ అని కూడా అనిపించింది. కానీ అట్టల లోపల నా పేరుంది, ఎన్. దీనా, ఆరో తరగతి, ఎ సెక్షన్ అని నీలం ఇంకుతో, వెనక అట్ట లోపల గీతలు కొట్టిన ఒక కాగితం అతికించి ఉంది, దాని నిండా పిల్లల పేర్లు. అవి చూసి ఆయన ముఖం చిన్నబోయింది. పేర్లూ కాగితాలూ లేకపోతే పదిహేను వేలు, ఉంటే సగమే, నాలా పోగుచేసేవాళ్ళు రాతలున్న పుస్తకాన్ని ముట్టుకోరండీ, అన్నాడు. అప్పుడే ‘ఈ దీనా ఎవరండీ?’ అని అడిగింది కూడా.

“అదెంత పనండి. మా ఆవిడ సెరిపేస్తాది. స్కూల్నుంచి నాలుక్కల్లా వచ్చేస్తాది, ఆ తర్వాత కాళీయే,” అన్నాడు మా ఆయన.

ఖాళీయే. నాలుక్కి వచ్చి గిన్నెలు తోమి, బట్టలు తీసి మడతపెట్టి, అత్తగారి మోకాళ్ళకి నూనె రాసి, రాత్రి వంటకి బియ్యం ఏరి, పంపు వచ్చే అరగంటలో ఎనిమిది బిందెలు పట్టి, తర్వాత పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతాను కదా, అందుకని ఖాళీయే. భీమన్నగారు సంచిలోంచి ఇంకు చెరిపే మందు రెండు సీసాలు తీసి ఇచ్చాడు, ఒకటి ఎర్ర మూత, ఒకటి తెల్ల మూత. మా ఆయన చేతికిచ్చాడు. మా ఆయన నా చేతికిచ్చాడు. పై ఆదివారం మధ్యాహ్నం డబ్బుతో వస్తానని ఆయన వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అన్నం పెడుతూ అడిగాను, నేను చెల్లెల్ని ఎలా అయ్యానండీ అని. నవ్వాడు. “ఆడోళ్ళ పుస్తకాలంటే బేరం తగ్గించేస్తాడే. పిచ్చిదానా, యాపారం నీకేటి తెలుస్తాది,” అన్నాడు. మా అత్తగారు ఎస్తేరమ్మ గారు కంచం ముందునుంచి తలెత్తకుండా, మొగుడు ఎలగ సెప్తే అలగే అనీ, పేరుదేముందనీ అంది. నిజమే, ఆవిడని ఈ వీధిలో అందరూ శ్యాంబాబు వాళ్ళమ్మ అనే అంటారు.

ఆ పుస్తకాల గురించి చెప్పాలి. మా నాన్న సాల్మన్‌రాజు మిషను స్కూల్లో డ్రిల్లు మాస్టారు. నేను పుట్టాక నాలుగో ఏటినుంచి ప్రతినెలా ఒకటి కొన్నాడు, నాకింకా చదవడం రానప్పుడే. అంతకుముందు వచ్చిన నంబర్లు విశాఖపట్నం వెళ్ళినప్పుడల్లా ఫుట్‌పాత్ మీద వెతికి తెచ్చేవాడు. నేను ఆరో తరగతికి వచ్చిన వేసవిలో మా వీధి వసారాలో ఈ చివరనుంచి ఆ చివరకి కొబ్బరితాడు కట్టి, పుస్తకాలన్నీ మధ్యకి తెరిచి దానిమీద వేలాడదీశాం. పావలా అద్దె. అక్కడే కూర్చుని చదివితే పావలా, ఇంటికి పట్టుకెళితే అర్ధరూపాయి. ఊళ్ళో అలాంటి తాళ్ళు ఇంకా రెండు మూడు ఉండేవి, కానీ మా తాడుకి ఒక రూలుంది, అది మా నాన్న పెట్టింది, పుస్తకం తీసుకున్నవాళ్ళు వెనక కాగితం మీద వాళ్ళ పేరు వాళ్ళ చేత్తోనే రాయాలి. నేను రాసిపెట్టకూడదు. రానివాళ్ళకి నేను పలక మీద నేర్పాలి, వచ్చేదాకా పుస్తకం లేదు. కొందరు విసుక్కుని వేరే తాడుకి పోయేవాళ్ళు. పోతే పోనీ అనేవాడు మా నాన్న. పెళ్ళయ్యాక నేను ఈ ఇంటికి తెచ్చుకున్నవాటిలో నాదని చెప్పగలిగింది ఆ ట్రంకుపెట్టె ఒక్కటే, మిగతావన్నీ ఈ ఇంట్లో ఎవరికో ఒకరికి ఇవ్వాలని మావాళ్ళు పంపినవే. మా నాన్న పోయి నాలుగేళ్ళవుతోంది.

సోమవారం మొదలుపెట్టాను. వెలుతురు కావాలి కాబట్టి పెరటి గుమ్మంలో కూర్చునేదాన్ని, అయిదింటినుంచి పొద్దువాలేదాకా. అగ్గిపుల్లకి దూది చుట్టి ముందు ఎర్ర మూత సీసాలో ముంచి అక్షరం మీద అద్దాలి, నీలం కాస్తా గోధుమరంగవుతుంది, అప్పుడు తెల్ల మూతది అద్దితే మొత్తం పోతుంది, మొత్తం అంటే మొత్తం, కింద కాగితం తెల్లగా, అక్కడెప్పుడూ ఎవరూ ఏమీ రాయనట్టు. తర్వాత వెనక కాగితాన్ని తడిగుడ్డతో నానబెట్టి అంచునుంచి మెల్లగా ఊడదియ్యాలి. ఆ మందు వాసనకి కళ్ళు మండేవి, తల పగిలిపోయేది. నా పేరు చెరుపుకుంటున్నందుకు ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. అదే నాకు భయం వేసింది. ఒక్కో పుస్తకం తెరవడం, ఎన్. చెరపడం, దీ చెరపడం, నా చెరపడం, చేతులు వాటంతటవే పోతున్నాయి, బాగా అలవాటున్న పనిలాగా.

అలవాటే కదా మరి. మా స్కూల్లో నా చేతిరాత బాగుంటుందని మొత్తం పై తరగతుల ప్రోగ్రెస్ కార్డులన్నీ నాచేతే రాయిస్తారు, కింద సంతకం మాత్రం ఆ తరగతి మాస్టార్లు పెట్టుకుంటారు, వాళ్ళు మగవాళ్ళు కాబట్టి వాళ్ళకి ట్యూషన్లుంటాయి, టైముండదు. కరస్పాండెంటుగారి కూతురి పెళ్ళికి మూడొందల శుభలేఖల మీద అడ్రసులు రాశాను, పెళ్ళికి నన్ను పిలిచిన కార్డు మీద కూడా నా పేరు నేనే రాసుకున్నాను, శ్యాంబాబు దంపతులకు అని రాయమన్నారు. చర్చిలో స్త్రీల సమాజం వార్షిక నివేదిక ప్రతి ఏడూ రాసేది నేను, చదివేది పాస్టరమ్మగారు. అవన్నీ రాసినప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు? అంత రాత రాసి ఎక్కడా లేకుండా పోవడం ప్రాక్టీసైపోయాక, ఆరో తరగతి పిల్ల పేరు ఎంతసేపు? గురువారానికి అరవై మూడు పూర్తి చేశాను. మా ఆయన లెక్కపెట్టి, “పర్లేదు, స్పీడుగానే కొట్టేత్తన్నావు,” అన్నాడు. మెచ్చుకున్నాడు కదా అని ఒక్క నిమిషం సంతోషం కూడా వేసింది, ఛీ.

శుక్రవారం అరవై నాలుగో పుస్తకం తెరిచాను. నా పేరు మీద ఎర్ర మూత మందు అద్దబోతూ ఎందుకో ముందు వెనక్కి తిప్పాను.

వెనక కాగితం మీద ఒకటే పేరు. పైనుంచి కిందదాకా పదకొండుసార్లు. పైడితల్లి, పైడితల్లి, పైడితల్లి. గీతలు దాటుకుని, చింతపిక్కలంత అక్షరాలు. మొదటిది వంకర్లు తిరిగిపోయి ఉంది, పదకొండోది కాస్త కుదురుగా నిలబడింది.

పైడితల్లి మా ఊరి పిల్ల కాదు. వాళ్ళమ్మ పాపాయమ్మ నక్కపల్లి అవతల సముద్రం ఒడ్డునుంచి బస్సులో ఎండుచేపలు తెచ్చి నర్సీపట్నం వీధుల్లో అమ్ముతుంది. ఆ వేసవిలో కూతుర్ని కూడా తెచ్చేది, ఎండలో తిరగలేదని మా వసారాలో కూర్చోబెట్టి, సూత్తుండమ్మా అని మాకు అప్పగించి తను తట్టతో వెళ్ళేది. నాకూ దానికీ పన్నెండేళ్ళే. బడి మొహం చూడలేదు. పావలా లేదు. తాడు మీది బొమ్మల్ని కిందనుంచి మెడ ఎత్తి చూస్తూ ఉండేది. పావలా వద్దులే గాని పేరు మాత్రం రాయాలన్నాడు మా నాన్న. మూడు వారాలు పట్టింది నేర్చుకోడానికి, ఆ తల్లి అన్న దగ్గర లకి ల వత్తు పెట్టడం రాక పలక విసిరికొట్టేది, మళ్ళీ తనే తెచ్చుకునేది. నేర్చుకుని ఏరికోరి తీసుకున్నది ఈ అరవై నాలుగో నంబరు, సముద్రం కథ, ఒక అమ్మాయి ఒంటరిగా పడవేసుకుని పోతుంది. కథ నేను చదివి వినిపిస్తే మధ్యలో ఆపి బొమ్మ మీద వేలు పెట్టి, “ఇలగేటి వలేస్తారు? ఈ బొమ్మేసినోడు సవుద్రం సూసుండడు,” అనేది. అన్నీ తప్పులే అనేది, తెడ్డు తప్పు, తెరచాప తప్పు, ఆ చేప ఆ నీళ్ళలో ఉండదు. కానీ వచ్చినప్పుడల్లా అదే పుస్తకం అడిగేది. తప్పులని అంటావు, మళ్ళీ అదే ఎందుకే అంటే, “ఆడపిల్ల పడవ మీదుంది గదా. మాకు ముట్టుకోనివ్వరు,” అంది. పదకొండుసార్లు. తర్వాత బడులు తెరిచారు, తాడు విప్పేశాం, ఆ మరుసటేడు నన్ను విశాఖపట్నం హాస్టల్లో వేసేశారు.

అగ్గిపుల్ల పట్టుకున్న చెయ్యి అక్కడ ఆగిపోయింది. నా పేరు దగ్గర ఆగనిది దాని పేరు దగ్గర ఆగింది. తడిగుడ్డ పక్కన పెట్టేశాను.

పాపాయమ్మ ఇప్పటికీ వస్తుంది, ప్రతి శనివారం, ఇదే వీధికి. ఏడేళ్ళుగా ఆవిడ దగ్గర నెత్తళ్ళు కొంటున్నాను, అంటే మా అత్తగారు బేరమాడుతుంది, నేను గిన్నె పట్టుకొస్తాను. పైడితల్లి ఎలా ఉంది అని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అడగలేదు. ఎందుకడగలేదు? పొయ్యి మీద ఏదో ఉండేది. స్కూలుకి టైమయ్యేది. ఇవన్నీ కారణాలేనా?

మర్నాడు శనివారం, రెండో శనివారం కాబట్టి స్కూలు లేదు. పాపాయమ్మ తట్ట దించి గుమ్మంలో కూర్చుంది. మా అత్తగారు వసారాలో కుర్చీలోనే ఉంది. నేను గిన్నె పక్కన పెట్టి అడిగాను. ఆవిడ చేపల మీది గుడ్డ తీస్తూ, ఎండ గురించి చెప్పినట్టు చెప్పింది.

“మూడో కానుపులో పోనాదమ్మా. ఆస్పత్రికి తీసుకెల్తంటే ఆటోలోనే. నాలుగేల్లయింది.”

“నాకు చెప్పలేదేం పాపాయమ్మా?”

“నువ్వడగనేదు గదమ్మా.”

కోపంతో అనలేదు. అదే గొంతుతో ఎన్ని కావాలి అని కూడా అడిగింది. నేను లోపలికెళ్ళి పుస్తకం తెచ్చి వెనక అట్ట తెరిచి ఆవిడ ముందు పెట్టాను. ఇదేటి అంది. పైడితల్లి పేరు, తనే రాసింది, ఇదిగో ఇక్కడా ఇక్కడా ఇక్కడా అన్నాను. పాపాయమ్మ నా వైపు చూసింది, అనుమానంగా, నేను వేళాకోళం ఆడుతున్నానేమో అన్నట్టు.

“దానికి రాతొచ్చా?”

వాళ్ళమ్మకి తెలియదు. చేపలమ్ముకోవాల్సిన పిల్ల కూర్చుని గీతలు గీసిందంటే తంతుందని చెప్పలేదేమో, లేకపోతే ఎప్పుడో చెబుదామనుకుందేమో. పాపాయమ్మ రెండు చేతులూ కొంగుకి తుడుచుకుంది, వాసన చూసుకుంది, మళ్ళీ తుడుచుకుంది, అప్పుడు ఒక్క వేలు పెట్టింది, మొదటి పేరు మీద. ఒక్కో పేరు దగ్గరా ఆపుతూ ఆ వేలిని కిందదాకా జరుపుకుంటూ వచ్చింది. ఉన్న ఒక్క ఫొటో పెళ్ళి ఫొటో అని, అది అల్లుడింట్లో ఉండిపోయిందని, అల్లుడు మళ్ళీ చేసుకున్నాడని, ఆ వచ్చిన పిల్ల గోడకి ఉంచనిస్తుందేటి అని, తలెత్తకుండా తనలో తను అనుకుంటున్నట్టు చెప్పింది. ఏడవలేదు. నేనూ ఏడవలేదు, ఏడ్చే హక్కు నాకు లేదనిపించింది.

తర్వాత బొడ్లో సంచి తీసి అడిగింది.

“ఎంతమ్మా ఇది?”

ఊరికే తీసుకెళ్ళు పాపాయమ్మా అనబోయాను, మాట నాలుక చివరకొచ్చి ఆగింది. ఎందుకంటే ఊరికే ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఈ ఇంట్లో నేనిచ్చినవేవీ ఇచ్చినట్టు కాదు. మా తమ్ముడికి ఇచ్చిన గొడుగు, స్కూల్లో ఆయాకి ఇచ్చిన చీర, అన్నీ ‘ఎవర్నడిగి ఇచ్చావు’ అని మళ్ళీ వెళ్ళి తెప్పించినవే. ఇచ్చింది వెనక్కి అడగొచ్చు. అమ్మింది ఎలా అడుగుతారు? అదీ పాపాయమ్మలాంటి బేరగత్తె దగ్గర. ఆవిడ లెక్కలో డబ్బు చెయ్యి మారాక సరుకు కొన్నవాళ్ళదే, దేవుడు దిగొచ్చినా సరే. తట్ట దించిన చోటల్లా ఆవిడ పోట్లాడేది అందుకే.

“పది రూపాయలు,” అన్నాను.

బేరమాడలేదు. ఆవిడ జీవితంలో బేరమాడకుండా కొన్నది ఇదొక్కటే అయ్యుంటుంది. పది కాగితం మడతలు విప్పి ఇచ్చి, పుస్తకాన్ని చేపల తట్టలో పెట్టకుండా జాకెట్లో దోపుకుని, పైన కొంగు గట్టిగా చుట్టుకుని లేచింది. తట్ట ఎత్తడానికి చెయ్యి వేశాను.

ఆవిడ వీధి మలుపు తిరిగాక మా అత్తగారు అడిగింది. “సెట్టు అన్నాడు గదే ఆ వచ్చినాయన. ఒకటి పోతే ఏటవుద్ది?”

“సెట్టు కాకుండా పోతుందండి.”

“తెలిసే సేసేవా?”

“తెలిసే.”

ఆవిడ చేపల గిన్నె ముందుకి లాక్కుని తలకాయలు తుంచడం మొదలుపెట్టింది. నేను ఎర్ర మూత సీసా, తెల్ల మూత సీసా గట్టిగా బిగించి అటక మీద పెట్టేశాను. అరవై అయిదునుంచి నూట ఇరవై దాకా ఎవరి పేరూ చెరపలేదు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి ఇంకా చీర మార్చుకోకముందే భీమన్నగారు వచ్చేశాడు. చాప వేసి వరసగా పేర్చుకున్నాడు, వేలితో లెక్కపెట్టుకుంటూ, అరవై రెండు, అరవై మూడు, అరవై అయిదు. వేలు వెనక్కొచ్చింది. “అరవై నాలుగేదండీ?” మా ఆయన వంటింటివైపు చూసి నన్ను పిలిచాడు. ఈసారి నా చేతిలో ట్రే లేదు. కావాలనే టీ పెట్టలేదు. వచ్చి చాప పక్కన నిలబడి, అమ్మేశానండి అన్నాను. మా ఆయన ముందు నవ్వాడు. తర్వాత ఎవరికి అన్నాడు. చెప్పాను. చేపలమ్మేదాని దగ్గర్నించి సాయంత్రానికి తెచ్చేస్తానండి, మొహాన పాతిక రూపాయలు కొడితే ఇచ్చేస్తాది, మీరు కంగారుపడకండి అని ఆయనకి చెబుతున్నాడు. ఇవ్వదు అన్నాను. ఈలోగా భీమన్నగారు అరవై అయిదో పుస్తకం తెరిచాడు.

“శ్యాంబాబు గారూ, మీ చెల్లెలిగారి పేరు ఇంకా అలాగే ఉందే?”

“చెల్లెలు కాదండీ,” అన్నాను. “దీనా నేనే. ఇవి మా నాన్నగారు నాకు కొన్నవి.”

ఆ ఒక్క మాట అంటే ఏదో అయిపోతుందని ఆ వారమంతా అనుకున్నాను. ఏమీ కాలేదు. భీమన్నగారు కళ్ళజోడు తీసి నన్ను చూశాడు, నిజమే చెబుతున్నానని నమ్మాడు కూడా, ఆయన ముఖంలో తెలిసింది. నమ్మి, కళ్ళజోడు పెట్టుకుని, మా ఆయనవైపు తిరిగాడు. మీరూ మీరూ మాట్లాడుకుని ఫోను చెయ్యండి శ్యాంబాబు గారూ అని, తన నంబరున్న కార్డు చాప మీద పెట్టి వెళ్ళిపోయాడు. పుస్తకాలు నావని తెలిశాక కూడా కార్డు మా ఆయనకే.

మా ఆయన కొట్టలేదు, అరవలేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి అన్నం పెట్టమన్నాడు. నెత్తళ్ళ పులుసు రెండోసారి వడ్డించుకున్నాడు. చెయ్యి కడుక్కుంటూ, రేపు పదింటికి పాత పేపర్లోణ్ని రమ్మంటానని చెప్పాడు.

“కేజీ ఆరు రూపాయలు. నీ పేరుతో సహా తూసుకుంటాడు.”

ఆ మధ్యాహ్నమంతా పుస్తకాలు మళ్ళీ ట్రంకులో సర్దుతూ కూర్చున్నాను. మొదటి అరవై మూడూ తెరిచి చూశాను. అవి బాగున్నాయి, శుభ్రంగా, ఎవరివైనా కావచ్చు అన్నట్టు. వాటి వెనక ఎవరెవరి పేర్లుండేవో గుర్తు తెచ్చుకుందామని చూశాను, తడిపి ఊడదీసి ఉండకట్టి పొయ్యిలో వేసిన కాగితాల్లో ఏ పేర్లుండేవి? కరణంగారి వీధి నుంచి వచ్చే పిల్ల ఒకతి ఉండేది, కుడిచేతికి ఆరు వేళ్ళు, దాని పేరేమిటి? రాలేదు. చదవకుండా చెరిపాను. అది మా ఆయన చెయ్యలేదు, భీమన్నగారు చెయ్యలేదు, నా చేతులే చేశాయి, శ్రద్ధగా, నాలుగు రోజులు, స్పీడుగా.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి మా ఆయన కొట్టు తియ్యడానికి వెళ్ళాడు. ఎనిమిదింబావుకి ఆటో పిలిచాను. ఆటో అతను ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని ట్రంకు మెట్లు దించుతుంటే అత్తగారు వసారాలోంచి, ఎక్కడికే అది అని అడిగింది. స్కూలుకండి అన్నాను. మళ్ళీ తెస్తావా అంది. లేదన్నాను. కాసేపు చూసి, “సాయింత్రం ఆడొచ్చాక నన్ను మజ్జిలోకి లాగకు,” అంది. సరేనన్నాను. ఆవిడ మాత్రం ఎక్కడికి పోతుంది.

ట్రంకు స్టాఫ్‌రూములో గ్లోబుల పక్కన పెట్టి, ఇంటర్వెల్లో గేటు ఎదురుగా బడ్డీ దగ్గరున్న రూపాయి ఫోనుకి వెళ్ళాను. చాప మీది కార్డు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది, ఆదివారమే తీశాను, మా ఆయన దాన్ని వెతకనైనా వెతకలేదు. భీమన్నగారే ఎత్తాడు. నేను దీనాని అన్నాను. ఎవరు అన్నాడు. మళ్ళీ చెప్పాను, నర్సీపట్నం, నూట పంతొమ్మిది పుస్తకాలు, అరవై నాలుగు లేదు, రాదు, యాభై ఆరింటి మీద పేర్లున్నాయి, అవి చెరపను, మీరు చెరపనంటేనే ఇస్తాను, డబ్బు నా పేరు మీద స్కూలు అడ్రసుకి పంపాలి. ఒక్క ఊపిరిలో చెప్పేశాను, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనేమోనని.

“మీ ఆయనగారికి తెలుసామ్మా?”

“మీకు కావలసింది పుస్తకాలా, మా ఆయనా?”

ఫోను కీచుమంది, ఇంకో రూపాయి వేశాను. ఆయన నవ్వాడో నిట్టూర్చాడో తెలియలేదు. సరే, సెట్టు చెడిపోయింది, రాతలున్నాయి, నేను చెప్పిన ధర ఇక చెల్లదు, ఎంతకిస్తావో నువ్వే చెప్పమ్మా అన్నాడు.

ఎంతకో నువ్వే చెప్పు. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి నాకు. నా జీతమెంతో కరస్పాండెంటు చెప్పాడు, నేను తల ఊపాను. పెళ్ళిలో నాకెంతో, నాతో పాటు ఏమేమి రావాలో ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకున్నారు, నేను పక్కగదిలో విన్నాను. రోజుకి నా గంటలెన్ని, అందులో ఖాళీ ఎంత అన్నది మా ఆయన చెబుతాడు. ఈ మాట మాత్రం ఎవరూ ఎప్పుడూ అడగలేదు, అందుకే జవాబు నా దగ్గర తయారుగా లేదు. వెనకాల ఇంటర్వెల్ అయిపోయిన గంట కొట్టేశారు, ఆరో తరగతి పిల్లలు లైనులో నిలబడి నాకోసం చూస్తున్నారు, ఈపాటికి పాత పేపర్లవాడు త్రాసు పట్టుకుని మా ఇంటికి వచ్చుంటాడు, నాలుక్కి నేను ఇంటికి వెళ్ళాలి, అక్కడ నాకోసం ఏం కాచుకుని ఉంటుందో తెలుసు, ఈసారి అన్నం పెట్టమని అడిగి ఊరుకోడు.

ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని ధర చెప్పాను. ఎక్కువే చెప్పాను.